మీటింగ్ గది గడప దాటనివ్వని అపోహలు

తాగుడు మానాలనుకునేవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. మాత్రలన్నా ఇంజెక్షన్లన్నా ఇట్టే ఒప్పుకునేవాళ్లు "ఒకసారి ఏఏ మీటింగ్‌కి వెళ్లి చూడండి" అనగానే ముఖం మార్చేస్తారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే గ్రూపులు. ఒకాయన వరసగా మూడు వారాలు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ గది బయటే నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించారు. లోపల మీటింగ్ మొదలవగానే ఇంటిదారి పట్టారు. లోపల ఏం జరుగుతుందో తెలియక, ఆ ఖాళీని ఊహలతో నింపుకున్నారన్నమాట. అలాంటి ఊహలు నాకు రోజూ వినిపిస్తుంటాయి.

అపోహ: అందరి ముందూ లేచి నా కథంతా చెప్పాలి.

మొదటి రోజు మీరు చేయాల్సింది కుర్చీలో కూర్చోవడమే. గంట, మహా అయితే గంటన్నర. మీ వంతు వస్తే "ఇవాళ వింటానండీ" అనండి, పక్కవాళ్లు అందుకుంటారు. "నేను ఆల్కహాలిక్‌ని" అని ఒప్పుకుని తీరాలన్న నిబంధన కూడా లేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో దూరి సలహా ఇవ్వకపోవడం చాలా గ్రూపుల్లో పద్ధతి. తాగుడు మాటెత్తితే చాలు, చుట్టుపక్కల పదిమంది పది హితబోధలు చేసే ఇంటి నుంచి వచ్చినవాళ్లకు ఆ నిశ్శబ్దమే కొత్తగా ఉంటుంది. నేనూ ఓపెన్ మీటింగుల్లో వెనక వరసలో కూర్చున్నాను. వాటికి ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగులు మాత్రం తాగుడు సమస్య ఉండి, మానాలనుకునేవాళ్లకే.

అపోహ: పూర్తిగా మానేశాకే వెళ్లాలి.

ఏఏలో సభ్యత్వానికి ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. నిన్న తాగినా, మానేసి మళ్లీ మొదలుపెట్టినా ఆ తలుపు మూసుకోదు. అసలు నాకు భయం దీనికి రెండో కొసన ఉన్నవాళ్లతోనే. "ఇవాళే మానేసి, రేపు మీటింగ్‌కి వెళ్తా" అంటారు. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితి ప్రాణం తీయగలదు. దీన్ని దాటించాల్సింది డాక్టరు. మీటింగ్ పని ఆ తర్వాత వచ్చే నెలలదీ, సంవత్సరాలదీ.

అపోహ: గ్రూపులో చేరితే మందులు మానేయాలి.

మన భాషలో అదీ మందే, ఇదీ మందే, అదొక తంటా! డిప్రెషన్‌కో, తాగాలనే కోరిక తగ్గడానికో డాక్టర్ రాసిన మాత్రలు మానమని ఏఏ చెప్పదు. సభ్యులు డాక్టర్ల పాత్ర పోషించవద్దని వాళ్ల సాహిత్యంలోనే రాసుకున్నారు. ఎవరైనా అత్యుత్సాహంతో మానమంటే, అది ఆ మనిషి మాటగా తీసుకుని మీ డాక్టర్‌ని అడగండి.

అపోహ: అదంతా దేవుడి గొడవ.

పూర్తిగా అబద్ధమని అనలేను. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ సూచించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, కాకపోతే "మనం అర్థం చేసుకున్న రూపంలో" అన్న మాటతో. ఆ గ్రూపునే తనకంటే పెద్ద శక్తిగా భావించే నాస్తికులూ ఉన్నారు. ఏ గ్రూపుకి ఆ గ్రూపే స్వతంత్రం కాబట్టి ఒకచోట ప్రార్థన పాలు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. నాలుగైదు చోట్ల కూర్చుని చూడండి. అయినా పొసగకపోతే దేవుడి ఊసు లేకుండా, ఆలోచనల తీరును మార్చుకునే పద్ధతుల మీద నడిచే స్మార్ట్ రికవరీ లాంటివి ఉన్నాయి.

అపోహ: తాగినవాళ్లు తాగినవాళ్లకేం సాయం చేస్తారు?

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ వ్యాపారి హోటల్ లాబీలో తచ్చాడుతున్నాడు. వచ్చిన పని చెడింది, పక్కనే బార్. తాను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి ఫోన్లు చేశాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ అనే సర్జన్. ఏఏ పుట్టింది ఆ పరిచయంతోనే. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూస్తే, పద్ధతిగా ఏఏ వైపు నడిపించే చికిత్సల వల్ల పూర్తిగా మానేసి ఉండటం ఇతర చికిత్సల కంటే మెరుగ్గా కనిపించింది. అందరికీ పనిచేస్తుందని మాత్రం కాదు.

ఫీజు లేదు, చందా కోసం టోపీ తిప్పినప్పుడు డబ్బు వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. పరువు సంగతంటారా, ఇంటిపేరు అడగరు. తెలిసినవాళ్లు కనిపిస్తే, వాళ్లూ చాలావరకు అదే పని మీద వచ్చి ఉంటారు. అయినా బెరుకుంటే కాస్త దూరంలోని గ్రూపో, ఆన్‌లైన్ మీటింగో చూసుకోండి.

గ్రూపు కోసం ఏఏ వెబ్‌సైట్‌లో వెతకండి, కానీ వెళ్లేముందు ఫోన్ చేయండి. టైమింగులు మారుతుంటాయి. ఓపెనా క్లోజ్డా, ఏ భాషలో జరుగుతుంది, గుమ్మం దగ్గర ఎవరైనా కలుస్తారా అని అడగండి. తరచూ అవతల ఫోన్ ఎత్తేది మానేసిన మనిషే.

మా ఫోన్ పెద్దమనిషికీ నాలుగో వారం ఇదే చెప్పాను. ఈసారీ గది బయటే, ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడ్డారట. కాకపోతే అవతలి వైపు నిజంగా ఒక గొంతుంది. "నీలం చొక్కా మీదేనాండీ? ఒకసారి వెనక్కి తిరగండి."