బ్లాకులతో వెబ్ ఏపీఐ: పిల్లలకు నేర్పేవారి అపోహలు - వాస్తవాలు

అపోహ: బ్లాకు కోడింగ్‌తో నిజమైన ఏపీఐలు (ఒక ప్రోగ్రాం మరో సర్వర్‌ను సమాచారం అడిగే మార్గాలు) పనిచేయవు.

వాస్తవం: బ్లాకులతో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో కనెక్టివిటీ కింద ఉండే వెబ్ కాంపోనెంట్ పంపేదీ, పైథాన్ పంపేదీ ఒకే హెచ్‌టీటీపీ రిక్వెస్టు (వెబ్‌లో సర్వర్‌ను సమాచారం అడిగే సందేశం). స్క్రాచ్‌లో మాత్రం మనకు కావలసిన యూఆర్‌ఎల్‌ను పిలిచే బ్లాకు లేదు.

అపోహ: గెట్ బ్లాకు నడవగానే జవాబు చేతికొస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. గెట్ కిందే, జవాబును తెరమీద చూపే లేబుల్ బ్లాకు తగిలిస్తారు, తెర ఖాళీగా ఉంటుంది. గెట్ రిక్వెస్టు పంపుతుందే గానీ జవాబు కోసం ఆగదు. అది వచ్చినప్పుడు నడిచేది గాట్‌టెక్స్ట్ అనే వేరే ఈవెంట్. లేబుల్‌ను అందులో పెట్టించండి. తొలిరోజు జేసన్ (సమాచారాన్ని పేరు-విలువ జతలుగా రాసే పద్ధతి) జోలికి పోకుండా రెస్పాన్స్ కంటెంట్‌ను, అంటే వచ్చిన జవాబును, ఉన్నదున్నట్టు చూపించమనండి. లోపల ఏముందో కళ్లారా చూశాకే దాన్ని విడదీసే డీకోడ్ బ్లాకు, అందులోంచి కావలసిన విలువను దాని పేరుతో (కీతో) తీసే కీ పాత్ బ్లాకు. కీ పేరులో ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా విలువ దొరకదు.

అపోహ: సర్వర్ జవాబుతోపాటు పంపే రెస్పాన్స్ కోడ్ 200 వచ్చిందంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: సర్వర్‌కు అడిగింది అర్థమైందని మాత్రమే. వాతావరణం కోసం ఓపెన్-మీటియో మంచిది, వ్యాపారేతర వాడకానికి ఏపీఐ కీ (వాడేది ఎవరో గుర్తించే రహస్య కోడ్) అడగదు. నెల్లూరు అక్షాంశం 14.44, రేఖాంశం 79.99. ఇవి తారుమారైనా 200 వస్తుంది, ఉష్ణోగ్రతా వస్తుంది. కాకపోతే అది ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌ది. ఒంగోలు అంకెలు (15.50, 80.05) తిరగేసినా అక్కడికే పోతారు. రోహిణి కార్తెలో తెరమీద సున్నా డిగ్రీల దగ్గర అంకె కనబడితే ముందు చూడాల్సింది ఇదే. సమయం ఐదున్నర గంటలు వెనకబడితే యూఆర్‌ఎల్‌లో టైమ్‌జోన్ ఇవ్వలేదన్నమాట.

అపోహ: ఎంత తరచుగా అడిగితే అంత తాజా సమాచారం.

వాస్తవం: రిక్వెస్టును పదేపదే పంపించే క్లాక్ కాంపోనెంట్ ఇంటర్వెల్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు, అంటే సెకనుకోసారి. ల్యాబులో 40 ఫోన్లు ఒకే వైఫై మీద ఉంటే నిమిషానికి 2,400 రిక్వెస్టులు, అవన్నీ సర్వర్‌కు ఒకే చిరునామా నుంచి వచ్చినట్టు కనబడతాయి. ఓపెన్-మీటియో ఉచిత పరిమితి నిమిషానికి 600. ఆపైన 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయనే కోడ్) వస్తుంది. అక్కడ ప్రస్తుత ఉష్ణోగ్రత మారేది 15 నిమిషాలకోసారే కాబట్టి ఇంటర్వెల్‌ను 9,00,000కు పెంచండి.

అపోహ: బ్లాకులో దాచిన ఏపీఐ కీ భద్రం.

వాస్తవం: ప్రాజెక్టు ఫైలు పంచుకుంటే కీ కూడా వెళ్తుంది. పంచుకునేముందు తీసేయండి.

అపోహ: నెట్ సరిగా లేని ఊళ్లలో ఇది నేర్పలేం.

వాస్తవం: జేసన్ జవాబు ఒకటి ముందే సేవ్ చేసుకుని టెక్స్ట్ బ్లాకులో అతికించి, నేరుగా డీకోడ్ బ్లాకుకు ఇవ్వండి. కష్టమైన సగం ఏపీఐని పిలవకుండానే పూర్తవుతుంది. నెట్ బాగున్న రోజు ఆ బ్లాకులను గాట్‌టెక్స్ట్‌లోకి జరిపి, టెక్స్ట్ బ్లాకు తీసి, దాని చోట రెస్పాన్స్ కంటెంట్ పెడితే చాలు.