ఆర్డర్లున్నా షెడ్డు ఎందుకు మూతపడుతుంది?

చేతినిండా ఆర్డర్లున్న లేత్ షెడ్డు (యంత్రాల మీద లోహపు విడిభాగాలు చేసే చిన్న కార్ఖానా) మూతపడిందంటే యజమానికి లెక్కలు రావనుకుంటారు. లెక్కలు వచ్చినవాడి షెడ్డూ మూతపడుతుంది. మన కామర్స్ పాఠాల్లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా అంటూ పెట్టుబడి పరిమితులు బట్టీ పట్టిస్తారు గానీ, షెడ్డును నిలబెట్టే రొటేషన్, అంటే పెట్టిన డబ్బు సరుకై, అమ్మకమై మళ్లీ చేతికి రావడం గురించి సరిగా చెప్పరు. ఇది బాధ కలిగించే లోటు. పెట్టుబడికి కరువున్న దేశంలో చిన్న పరిశ్రమ బలమంతా అక్కడే ఉంది. ఉన్న కాస్త డబ్బునే ఏడాదికి నాలుగుసార్లు తిప్పి, దాంతోనే జీతాలిస్తుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో షాఫ్టులు, బుష్‌లు లాంటి యంత్ర భాగాలు చేసే షెడ్డు ఒకటి తీసుకుందాం. నెలకు 4 లక్షలు, ఏడాదికి 48 లక్షల అమ్మకం అనుకోండి. చిన్న పరిశ్రమల వర్కింగ్ క్యాపిటల్‌కు (రోజువారీ నడకకు కావాల్సిన డబ్బుకు) బ్యాంకులు వాడే నాయక్ కమిటీ సూత్రం ప్రకారం ఏడాది అమ్మకంలో 25 శాతం చేతిలో ఉండాలి. 20 శాతం బ్యాంకుది, 5 శాతం యజమానిది. అంటే 9.6 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే అవసరాన్నిబట్టి బ్యాంకు నుంచి తీసుకోగల అప్పు, 2.4 లక్షల సొంత డబ్బు, వెరసి 12 లక్షలు. పాతిక శాతమే ఎందుకంటే, పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగొస్తుందన్న అంచనా. ముడిసరుకైన రౌండ్ బార్ (గుండ్రటి ఉక్కు కడ్డీ) ర్యాకులో 15 రోజులు, మెషిన్ పని, హీట్ ట్రీట్‌మెంట్ కలిపి 15, తనిఖీకీ రవాణాకూ 10, బిల్లు వసూలుకు 45. మొత్తం 85 రోజులు. సరిపోతుంది.

బిల్లు 120 రోజులకు వచ్చిందనుకోండి. 85 కాస్తా 160 అవుతుంది. అవే 12 లక్షలు ఏడాదికి 2.3 సార్లే తిరుగుతాయి, అమ్మకం 27 లక్షలకు దిగుతుంది. అద్దె, ఆపరేటర్ల జీతాలు, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం తగ్గవు. అమ్మకం తగ్గకూడదంటే 21 లక్షలు కావాలి. తక్కువ పడ్డ 9 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 18,000. నూటికి పది మిగిలే పనిలో నెల లాభం 40,000. అందులో దాదాపు సగం వడ్డీకే పోయింది.

బ్యాంకు ఆదుకోదా? సీసీలో ఎంత తీసుకోవచ్చన్నది డ్రాయింగ్ పవర్ మీద ఆధారపడుతుంది. స్టాక్ స్టేట్‌మెంట్‌లో చూపిన సరుకూ, రావలసిన బాకీలూ కూడి, అందులోంచి మనం ఇవ్వాల్సిన బాకీలూ మార్జినూ (యజమాని పెట్టుకోవాల్సిన వాటా) తీసేసి దాన్ని లెక్కకడతారు. 90 రోజులు దాటిన బాకీని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అవసరం పెరిగినప్పుడే చేతికందేది తగ్గుతుందన్నమాట. జీఎస్టీదీ ఇదే తీరు. 4 లక్షల బిల్లుకు 18 శాతం, 72,000. ముడిసరుకు మీద ముందే కట్టింది పోగా మిగతాది మరుసటి నెల 20–25 తేదీలకల్లా కట్టాలి, కొన్నవాడు పైసా ఇవ్వకపోయినా సరే.

ఇరుక్కున్న షెడ్డు స్టీలు డీలరుకు డబ్బు ఆపుతుంది, ప్లేటింగ్ వాళ్లకు ఆపుతుంది. పెద్ద కంపెనీ ఒక్క బిల్లు ఆపితే కింద పది చోట్ల రొటేషన్ మందగిస్తుంది. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదని చెక్కు ఆపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ చెక్కు సోమవారం చేతికొచ్చేసరికి మూడు రోజుల వడ్డీ అవతలివాడి నెత్తిన పడింది. ఆ నమ్మకం వదులుకోవాల్సిందే.

2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గట్టి రక్షణే ఇచ్చింది. కొన్నవాడు డబ్బివ్వడానికి గడువు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులకు మించకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు బాగాలేదనాలంటే కొన్నవాడు 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. అందుకే డెలివరీ చలానా మీద తేదీ, సీలు, సంతకం లేకుండా సరుకు దించకూడదు. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ నమోదు సరుకు పంపకముందే ఉండాలి, ఆ నంబరు బిల్లు మీద కనబడాలి. కేసు వేస్తే మళ్లీ ఆర్డరు రాదన్న భయంతో చాలామంది ఈ బకాయిల వివాదాలు విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ గడప తొక్కరు. 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన (1961 చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్)) ఆ భయంతో పనిలేకుండానే కొనేవాడి మీద ఒత్తిడి పెడుతుంది. గడువు దాటిన బిల్లును, డబ్బు చెల్లించిన ఏడాదిలోనే అతను ఖర్చుగా చూపుకోగలడు.

చిన్న పరిశ్రమల బిల్లులను బ్యాంకులకు అమ్ముకునే ఆన్‌లైన్ వేదికలు, ట్రెడ్స్, ఇంకా నేరుగా పనిచేస్తాయి. కొన్న కంపెనీ బిల్లును ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే బ్యాంకులు పోటీపడి తక్కువ డిస్కౌంటుకు దాన్ని కొంటాయి, షెడ్డుకు డబ్బు ముందే అందుతుంది. తర్వాత కంపెనీ ఎగ్గొట్టినా ఆ భారం షెడ్డు మీద పడదు. కొత్త ఆర్డరు తీసుకునేటప్పుడే, బిల్లును ట్రెడ్స్‌లో ఎన్ని రోజుల్లో ఒప్పుకుంటారో పర్చేజ్ ఆర్డర్‌లో రాయించుకోవాలి.