కాళ్లకు కబురు ఇంకా అందుతోందా?

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ఊళ్లలో తాటిచెట్టో జీలుగ చెట్టో ఎక్కి, మోకు జారి పడ్డవాళ్ల సంగతి ఎవరినడిగినా ఒకటి చెబుతారు. “నడుం పోయింది, ఇంక లేవడు” అని ఒక్కమాటలో తేల్చేస్తారు. చాలాసార్లు అది తొందరపాటే. వెన్నుపాము చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దెబ్బ తగిలినంత మాత్రాన ప్రతిసారీ అది పూర్తిగా తెగిపోదు. కొన్ని నరాల పోగులు మిగిలి ఉండొచ్చు.

ఆ సంగతి తేల్చడానికి డాక్టరు గుండుసూది, దూది పట్టుకుని పాదం నుంచి పైదాకా తడుముతూ వస్తాడు. చివరికి మలద్వారం చుట్టూ స్పర్శ ఉందా, అక్కడి కండరం బిగించగలడా అని చూస్తాడు. ఇంటివాళ్లు సిగ్గుపడి పక్కకు తిరుగుతారు గానీ, అసలు విషయం అక్కడే ఉంది. వెన్నుపాము కొసకు చెందిన నరాలు వెళ్లేది అక్కడికే. అక్కడ ఏ కాస్త స్పర్శ ఉన్నా గాయం ‘అసంపూర్ణం’ అంటారు, అంటే దెబ్బను దాటి కబురు కొంతైనా వెళ్తోందన్నమాట. పడ్డ కొత్తలో నరాలు షాక్‌లో ఉంటాయి కాబట్టి తొలిరోజు పరీక్షతోనే తీర్పు చెప్పెయ్యకూడదు.

2024 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి వచ్చిన పరిశోధన ఈ మిగిలిన పోగుల మీదే ఆశ పెట్టుకుంది. గ్రెగ్వార్ కూర్టీన్ అనే న్యూరోసైంటిస్టు, జోసెలిన్ బ్లాక్ అనే న్యూరోసర్జన్ దీనికి నాయకులు. వెన్నుపాము గాయపడ్డ ఎలుకల్లో నడక తిరిగి వస్తున్నప్పుడు మెదడులో ఏయే భాగాలు పనిచేస్తున్నాయో మొత్తం మెదడంతా వెతికారు. తేలింది ఎవరూ అనుకోని చోటు: హైపోథాలమస్ పక్కభాగం. ఆకలి, మెలకువ, ఏదైనా కావాలన్న తపన చూసుకునేదిగా దానికి పేరు. నడకతో దానికేం పని? ఆకలేసిన జంతువు తిండి దగ్గరికి నడవక తప్పదు కదా, చుట్టరికం అక్కడే కలిసి ఉంటుందని నా ఊహ.

అక్కడి నుంచి వచ్చే ఆదేశం మెదడు కాండంలోని కణాల ద్వారా నడుము దగ్గరి వెన్నుపాముకు చేరుతుంది. గండి పడిన కాలువలో నీళ్లు సన్నగా పారుతుంటే, తలుపు ఇంకాస్త ఎత్తితే శివారు పొలాలకూ కొంత అందుతుంది. లోజాన్ బృందం చేసిన వైద్యం, అంటే మెదడులోని ఆ చోటికి సన్నని తీగతో కరెంటు ఇవ్వడం, అలాంటిదే. పారే దారే లేకపోతే తలుపెత్తి లాభం లేదు. అందుకే పూర్తిగా తెగినవాళ్లకు ఇది పనికిరాదు.

ఆపరేషన్ పద్ధతి కొత్తదేం కాదు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే న్యూరోసర్జన్ బృందం వణుకు తగ్గించడానికి మొదలుపెట్టింది. పార్కిన్సన్స్ రోగులకు మన దేశంలోనూ చేస్తున్నారు. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి సన్నని తీగలు దింపుతారు, బ్యాటరీని కాలరు ఎముక కింద చర్మంలో అమరుస్తారు. లోజాన్‌లో కరెంటు ఇస్తున్నప్పుడు మొదటి రోగి మెలకువగానే ఉంది. కాళ్లు తెలుస్తున్నాయనీ, నడవాలనిపిస్తోందనీ ఆమె చెప్పిందట. నడక అక్కడికక్కడే మెరుగైంది. మూడు నెలలు వ్యాయామంతో కలిపి చేశాక, కరెంటు ఆపినా కొంత మెరుగుదల నిలిచింది.

అయితే చేసింది ఇద్దరికే. ఆకలి, మెలకువ చూసుకునే చోట తీగ పెడుతున్నారు కాబట్టి బరువు, నిద్ర, మనసు మీద ప్రభావం ఇంకా గమనించాలి. దీన్ని చూపించి ఎవరైనా లక్షలు అడిగితే పొలం అమ్మొద్దు. ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు. ఈ వైద్యం రేపు వచ్చినా అది లేకుండా పనిచేయదు.

ఇక మన చేతిలో ఉన్నది ఆ మిగిలిన పోగుల్ని కాపాడుకోవడం. పడ్డ మనిషిని లేపి బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బరంపురమో విశాఖో తీసుకెళ్తే, విరిగిన ఎముక కదిలి ఉన్నదీ నలిగిపోవచ్చు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా కదపకుండా ఉంచాలి. కదపక తప్పకపోతే ఒక తలుపుచెక్క తెచ్చి, తల, భుజాలు, నడుము, కాళ్లు తలా ఒకరు పట్టుకుని, ఒకేసారి, మెలి పడకుండా దాని మీదికి దొర్లించాలి.