డిగ్రీ విద్యార్థుల కుతూహలం, అనుభవంతో చదువు: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించే నాకు స్టాఫ్ రూములోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మిన అధ్యాపకులు క్రమంగా తరగతిలో ప్రశ్న వేయడమే మానేస్తారు కనుక, వాటికి సమాధానం రాయడం అవసరమనిపించింది.

అపోహ: మన విద్యార్థులకు కుతూహలం లేదు, మార్కులు తప్ప వేరేదీ పట్టదు.

వాస్తవం: కుతూహలం కొందరికి పుట్టుకతో వచ్చి మరికొందరికి రాకుండా పోయే గుణం కాదు. ఒక విషయం కొంత తెలిసి, తెలియాల్సింది ఇంకా ఉందని గుర్తించినప్పుడు ఆ లోటు మనిషిని స్థిమితంగా ఉండనివ్వదని, కుతూహలం అక్కడే పుడుతుందని అమెరికన్ పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో వివరించాడు. బొత్తిగా తెలియని విషయం మీదా, అంతా తెలుసనుకున్న విషయం మీదా ఆసక్తి కలగదు. అందుచేత విద్యార్థికి ఇప్పటికే ఏం తెలుసో వెతికి పట్టుకోవడం అధ్యాపకుల మొదటి పని.

ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కఠినత్వాన్ని, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలను కొలిచే ప్రయోగాన్నే తీసుకుందాం. ల్యాబులో ఇచ్చిన నమూనాతో చేయమంటే చాలామంది బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం) కన్నా ముందు సీనియర్ల రికార్డు చూస్తారు. ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెమ్మంటే చూసి రాసుకోవడానికి ఏ రికార్డూ ఉండదు. ముదురు ఎరుపు నీలంగా మారే ఆ ఒక్క చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు, పక్కవాళ్ల రీడింగుతో పోల్చుకుంటారు. ఉరవకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అలాంటి రోజునే అడిగింది: "మేడమ్, మా బోరు నీళ్లకు బ్యాళ్లు ఉడకవు. మా అమ్మ క్యాన్ నీళ్లు పోసి ఉడికిస్తుంది. దానికీ దీనికీ సంబంధముందా?" సంబంధం ఉంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని గట్టిపరుస్తాయి. అయితే ఆ జవాబు వెంటనే చెప్పకుండా, బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు, మరిగించి వడకట్టిన బోరు నీళ్లు తెచ్చి కొలవమన్నాను. మరిగించిన నీటిలో కఠినత్వం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. బైకార్బనేట్ల వల్ల వచ్చేది పోయి, క్లోరైడ్, సల్ఫేట్ల వల్ల వచ్చేది మిగులుతుందన్న పాఠం అప్పుడు వాళ్లకు కావలసి వచ్చింది.

ఆ వెంటనే ఇంకొక ప్రశ్న వచ్చింది: ఇలాంటి ఉప్పునీళ్లలో (కఠినత్వం ఎక్కువున్న నీళ్లలో) ఫ్లోరైడ్ కూడా ఎక్కువే ఉంటుందా? ఫ్లోరైడ్ పీడ తెలిసిన మన జిల్లాలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు. నిజానికి కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడుగా మారి నీటి నుంచి విడిపోయి అడుగుకు దిగే అవకాశం ఉంటుంది కాబట్టి, కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలోనే ఫ్లోరైడ్ తరచుగా పెరుగుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఏటా విద్యార్థులు బట్టీ పట్టే ద్రావణీయతా లబ్ధం (ఒక లవణం నీటిలో ఎంతవరకు కరిగి ఉండగలదో చెప్పే విలువ) సొంత ఊరి బోరును అర్థం చేసుకునే సాధనంగా మారినప్పుడు, తెలుగు మీడియం నుంచి వచ్చారా, ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చారా అన్న తేడా నాకు కనిపించలేదు.

అపోహ: టూరుకు తీసుకెళ్తేనో, ఊరికి పంపితేనో అనుభవంతో నేర్చుకున్నట్టే.

వాస్తవం: అనుభవం అందులో ఒక మెట్టు మాత్రమే. అనుభవంతో నేర్చుకోవడంపై పరిశోధించిన డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన క్రమంలో అనుభవం తర్వాత దాని గురించి ఆలోచించడం, అందులోంచి ఒక సూత్రాన్ని రాబట్టడం, ఆ సూత్రాన్ని మరొక చోట పరీక్షించడం వస్తాయి. మన కళాశాలల్లో సాధారణంగా ఎగిరిపోయేవి ఈ మూడే. తాడిపత్రికి దగ్గరలోని బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవున విస్తరించాయని బోర్డు చదివి, ఫోటోలు దిగి తిరిగివస్తే అది విహారయాత్ర. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు సున్నపురాయిని కరిగించే చర్య, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టే చర్య ఒకటే రెండు దిశల్లో జరుగుతోందని విద్యార్థి తానే పోల్చుకుంటే అది చదువు.

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు విషయంలో నాకు బాధ కలిగించేది కూడా ఇదే. ఎవరో చేసిన రిపోర్టులో ఊరి పేరు మార్చి బైండింగ్ చేయించుకురావడం చూస్తున్నాం. ఊరికి వెళ్లే ముందు ఒకే ఒక ప్రశ్నను విద్యార్థి చేత రాయించి, వచ్చాక వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఆ గంటలు వృథా కావు.

అపోహ: విద్యార్థులను వాళ్ల మానాన వదిలేస్తే అన్నీ వాళ్లే కనుక్కుంటారు.

వాస్తవం: కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం లేని పద్ధతి పనిచేయదని విద్యా పరిశోధకులు కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు, నేనూ దానితో ఏకీభవిస్తాను. నీటి ప్రయోగంలో బఫర్ ద్రావణం (పీహెచ్‌ను మారకుండా ఉంచేది) కలిపి, ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే పీహెచ్‌ను 10 దగ్గర ఉంచాలని ముందే చెప్పకపోతే, రంగు సరిగా మారక విద్యార్థి విసిగిపోతాడు తప్ప ఏదీ కనుక్కోడు.

అపోహ: ఇవన్నీ చేస్తే సిలబస్ పూర్తికాదు, మార్కులు తగ్గుతాయి.

వాస్తవం: విజ్ఞానశాస్త్రం, ఇంజినీరింగ్, గణితం చదివే అండర్‌గ్రాడ్యుయేట్లపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణలో, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో తప్పినవారు సగటున 33.8 శాతం కాగా, విద్యార్థులు చురుగ్గా పాల్గొన్న తరగతుల్లో 21.8 శాతం. అయితే విద్యార్థులే మొదట్లో ఈ పద్ధతిని ఇష్టపడకపోవచ్చు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర తరగతులపై 2019లో వచ్చిన అధ్యయనంలో, చురుగ్గా పాల్గొన్నవారు ఎక్కువ నేర్చుకున్నా, తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. కష్టపడి ఆలోచించడం నేర్చుకోలేకపోవడంలా అనిపిస్తుందన్న సంగతి సెమిస్టర్ మొదట్లోనే వాళ్లకు చెప్పాలి.

అపోహ: ఖరీదైన పరికరాలు కావాలి.

వాస్తవం: పైన చెప్పిన ప్రయోగానికి కావలసినవన్నీ ఏ డిగ్రీ ల్యాబులోనైనా ఉంటాయి.

అపోహ: రీడింగు తప్పు వస్తే ప్రయోగం తప్పినట్టే.

వాస్తవం: ఈ భయమే రికార్డులు చూసి రాయించేది. అందుకే మా ల్యాబులో ఇంటర్నల్ మార్కుల్లో సగం రీడింగుకు కాకుండా, వచ్చిన రీడింగు ఎందుకు అలా వచ్చిందో విద్యార్థి రాసిన వివరణకు ఇస్తున్నాం. మూడు టైట్రేషన్లలో (రంగు మారేదాకా బ్యూరెట్ నుంచి ద్రావణం కలిపి కొలిచే ప్రయోగాల్లో) ఒకటి తేడాగా వస్తే దాన్ని కొట్టివేయకుండా అలాగే ఉంచి, ముగింపు రంగు దాటిపోయిందా, సీసా కడగలేదా, బ్యూరెట్ మొనలో గాలి బుడగ ఉందా అన్నది కింద రాయాలి. వైవాలో నేను మొదట అడిగేది ఆ తేడా వచ్చిన రీడింగు గురించే.