పోపుల పెట్టెలాంటి బల్ల

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

బల్ల మీద చోటు చాలక మంచం మీద కూర్చుని బొమ్మలు గీస్తున్నారనీ, కొత్త ఆర్గనైజర్ కొనిపెట్టమని అడుగుతున్నారనీ అమ్మ చెప్పింది. కొనే ముందు ఈ ఉత్తరం చదవండి. మీకు కావలసిన డబ్బాలన్నీ మీ వంటింట్లోనే నెలనెలా ఖాళీ అవుతున్నాయి. ఐస్‌క్రీం డబ్బాలు, ఊరగాయ జాడీలు, మిఠాయి పెట్టెలు, చెప్పుల అట్టపెట్టెలు, అగ్గిపెట్టెలు, కూల్‌డ్రింకు సీసాలు ఉంటే చాలు. కొనవలసింది ఒక ఫెవికాల్ డబ్బా, ఒక టేపు, గుప్పెడు స్క్రూలు, వాషర్లు.

ముందు బల్ల ఎందుకు చిందరవందర అవుతుందో తెలుసుకోండి. అది తెలియకుండా ఎన్ని డబ్బాలు పెట్టినా పది రోజులకు మళ్ళీ ఇలాగే ఉంటుంది. వస్తువు తీసుకునేటప్పుడు దానితో పని ఉంటుంది కాబట్టి ఎంత వెతకాల్సి వచ్చినా వెతికి తీస్తాం. తిరిగి పెట్టేటప్పుడు ఆ పని అయిపోయి ఉంటుంది. అప్పుడు పై డబ్బా దించి, కింది డబ్బా మూత తిప్పి, లోపల వేసి, మూత బిగించి, మళ్ళీ పైది ఎక్కించాలంటే చెయ్యి ఒప్పుకోదు. ఉన్నచోటే వదిలేస్తుంది. అందుకే డబ్బా ఎంచేటప్పుడు, ఇందులో వస్తువు తిరిగి పెట్టడానికి చేతికి ఎన్ని కదలికలు పడతాయో లెక్కపెట్టండి. రోజూ వాడేదానికి ఒక్క కదలికే ఉండాలి, అంటే మూత లేని డబ్బా. వారానికోసారి వాడేదానికి రెండు, సొరుగు లాగి వెయ్యడం. ఎప్పుడో వాడేదానికి నాలుగైనా ఫరవాలేదు.

ఈ లెక్క తెలిసినవాళ్ళు చేసిన వస్తువు మీ వంటింట్లోనే ఉంది. పోపుల పెట్టె తెరిచి చూడండి. నూనె కాగుతుంటే ఒక్కో సీసా మూత తీసే వ్యవధి ఉండదు. అందుకని ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు అన్నీ ఒకే మూత కింద మూతల్లేని గిన్నెల్లో ఉంటాయి. మూత తీస్తే ఏడూ ఒకేసారి కనిపిస్తాయి, చెంచా కూడా అందులోనే ఉంటుంది. బియ్యం, కందిపప్పు అందులో పెట్టరు. అవి పోపుకు అక్కర్లేదు కాబట్టి వాటి చోటు వేరు. మీ బల్ల కూడా ఇలాగే ఉండాలి. ఒక పనికి కలిపి వాడేవి ఒకచోట, పై నుంచి చూస్తే అన్నీ కనిపించేలా.

డబ్బాలు పోగెయ్యడంతో మొదలుపెట్టకండి, అందరూ చేసే తప్పు అదే. నేల మీద పాత దుప్పటి పరిచి, బల్ల మీదవీ సొరుగులోవీ అన్నీ దాని మీద పొయ్యండి. రాయనని మొరాయించే పెన్నులు, ఎండిపోయిన గమ్ము, మూతలు పోయిన స్కెచ్ పెన్నులు అక్కడికక్కడే తీసెయ్యండి. మిగిలినవన్నీ ఒక పెద్ద అట్టపెట్టెలో వేసి బల్ల పక్కన పెట్టుకుని, 7 రోజులు అందులోంచే తీసి వాడుకోండి. వాడినదాన్ని మళ్ళీ పెట్టెలో వెయ్యకుండా బల్ల మీద ఒక పళ్ళెంలో పెట్టండి. వారం తిరిగేసరికి పళ్ళెంలో ఉన్నవే రోజువారీ సామాన్లు. అవి మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువగా ఉంటాయి. మూతల్లేని డబ్బాలు వాటికి మాత్రమే కావాలి.

ఆ తర్వాత సొరుగు కొలవండి. లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కావాలి. డబ్బా ఎత్తు సొరుగు ఎత్తుకంటే కనీసం 1 సెం.మీ. తక్కువ ఉండాలి, లేకపోతే సొరుగు సగంలో ఇరుక్కుంటుంది. సొరుగులోకి చదరపు డబ్బాలే ఎంచండి. 10 సెం.మీ. వ్యాసమున్న గుండ్రటి డబ్బా 10×10 చోటు ఆక్రమించి 78.5 చదరపు సెం.మీ. మాత్రమే వాడుకుంటుంది, ఐదో వంతు పైగా చోటు మూలల్లో వృథా. (పోపుల పెట్టె గుండ్రంగానే ఉంటుంది కదా అంటారేమో. ఒక గిన్నె చుట్టూ అదే కొలత గిన్నెలు సరిగ్గా ఆరు పడతాయి. అయినా ఏడు గిన్నెలూ కలిసి పెట్టెలో 9 వంతుల్లో 7 వంతులే నింపుతాయి. కాగితం మీద గీసి లెక్క చూడండి.) గుండ్రటివి బల్ల మీద నిలబెట్టడానికీ, అర కింద వేలాడదీయడానికీ బాగుంటాయి.

కడగడం గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఊరగాయ జాడీకి నూనె జిడ్డు పోవాలంటే ముందు నీళ్ళు పొయ్యకూడదు. పొడి శనగపిండి చల్లి గుడ్డతో రుద్దితే నూనె పిండికి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగి, ఒక చెంచా వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళు నింపి రాత్రంతా ఉంచితే వాసన తగ్గుతుంది. ప్లాస్టిక్‌కు పట్టిన పసుపు మరక రుద్దితే పోదు. రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. సీసా మీది కాగితం అరగంట నీళ్ళలో నానితే ఊడుతుంది. మిగిలిన బంక మీద కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడవండి. ఆ నూనెను మళ్ళీ సబ్బుతో పూర్తిగా కడగాలి, లేదంటే మీరు అతికించే చీటీ కూడా నిలవదు. కడిగిన డబ్బాను బోర్లించి ఒక పూట, వానాకాలమైతే ఒక రోజంతా ఆరనిచ్చాకే మూత పెట్టాలి. లోపల ఒక్క చుక్క తడి మిగిలినా స్క్రూలు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి ఇనుప సామాన్ల డబ్బాలో వెయ్యండి.

పెన్నుల డబ్బా తేలిక. పెన్ను సుమారు 14, 15 సెం.మీ. ఉంటుంది. డబ్బా 9 లేక 10 సెం.మీ. ఉంటే పెన్ను పట్టుకోవడానికి అందుతుంది. కూల్‌డ్రింకు సీసాను ఆ ఎత్తుకు కోయాలంటే చుట్టూ కాగితం పట్టీ చుట్టి, పట్టీ అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కలిసేలా చూసుకుని గీత గీస్తే వంకర పోదు. మొదటి గాటు కట్టర్‌తో నాన్న పెడతారు, తర్వాత కత్తెరతో మీరు కోయండి. కోసిన అంచు వేలు తెగేంత పదునుగా ఉంటుంది. దాని మీద బట్ట టేపు మడిచి అతికించండి. పెన్నులు ఒకవైపు వాలి డబ్బా పడిపోతుంటే అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక పోసి, పైన అట్టముక్క బిగించండి. ఒంటి డబ్బాకంటే మూడు కలిపి పాత సైకిలు ట్యూబు ముక్కతో చుట్టేస్తే ఇంకా గట్టిగా నిలుస్తాయి.

ఇక అన్నిటికంటే పనికొచ్చేది, చెప్పుల పెట్టెలో గళ్ళు కట్టడం. మీ మోటార్లు, వైరు ముక్కలు, ఎల్‌ఈడీ బల్బులు, స్విచ్చులు అన్నీ ఇందులో పడతాయి. లోపలి కొలత 30×18 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. అనుకుందాం. గట్టి అట్టలోంచి 30×7 పట్టీలు 2, 18×7 పట్టీలు 3 కోయండి. అట్ట పొరల మధ్య మెలికల గొట్టాల్లాంటివి కనిపిస్తాయి కదా, అవి పట్టీలో నిలువుగా ఉండాలి. అప్పుడు పై నుంచి నొక్కినా నలగదు. ప్రతి పట్టీనీ పొడవులో 2 మి.మీ. తగ్గించి కోయండి. సరిగ్గా కోస్తే పెట్టెలో పట్టక విల్లులా వంగుతుంది.

పొడవు పట్టీలకు ఒక కొస నుంచి 7.5, 15, 22.5 సెం.మీ. దగ్గర, పై అంచులో గాట్లు పెట్టాలి. పొట్టి పట్టీలకు కొస నుంచి 6, 12 దగ్గర, కింది అంచులో. గాటు లోతు సగం ఎత్తు, అంటే 3.5 సెం.మీ. కానీ మీరు 3.7 కోయండి. ఒక్క గాటు లోతు తగ్గినా పట్టీ పెట్టె అడుగును తాకకుండా పైకి లేచి ఉంటుంది. ఆ సందులోంచి చిన్న స్క్రూలు పక్క గదిలోకి జారిపోతాయి. గాటు వెడల్పు అట్ట మందంతో సమానంగా, 3 మి.మీ. అట్టకు 3 మి.మీ. ఉండాలి. సన్నమైతే అట్ట నలుగుతుంది, వెడల్పైతే గోడలు వాలిపోతాయి. పట్టీలు దించేముందు పెట్టె అడుగున తెల్ల చార్టు అతికించండి, చిన్న వస్తువులు తెలుపు మీద వెంటనే కంటపడతాయి. ఇప్పుడు పొడవు పట్టీల గాట్లలోకి పొట్టి పట్టీలు దించితే 12 గదులు తయారు. పెట్టె 10 సెం.మీ., గోడ 7 సెం.మీ. ఎందుకంటే పైన వదిలిన 3 సెం.మీ. మీ వేళ్ళు దూరడానికి. ఎల్‌ఈడీలు రంగుకో గది పెట్టండి. కొన్నిటి పై ప్లాస్టిక్‌కు ఏ రంగూ ఉండదు, వెలిగించేదాకా ఏ రంగో తెలియదు.

మిఠాయి పెట్టెలతోనూ ఇలా చెయ్యచ్చు కానీ నెయ్యి మరక పడినవి వద్దు, చీమలు పడతాయి. మైదా జిగురు కూడా వద్దు. బొద్దింకలకూ కాగితం పురుగులకూ అది భోజనం. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, మీరు ముట్టకూడదు.

అగ్గిపెట్టెలు 9 ఉంటే వరసకు 3 చొప్పున పేర్చి బుల్లి సొరుగులు చెయ్యండి. గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు, పూసలు అందులో పడతాయి. ఫెవికాల్ పల్చగా రాయాలి. ఎక్కువైతే పల్చటి అట్ట తడిసి లోపలికి వంగి సొరుగు జామ్ అవుతుంది. ఆరేటప్పుడు సొరుగులు లోపలే ఉంచి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలెయ్యండి.

ఫెవికాల్ ప్లాస్టిక్‌కు ఎందుకు అంటదని మీరు అడుగుతారు. అది నీళ్ళ జిగురు. నీరు కాగితంలోకో చెక్కలోకో ఇంకి, ఆరితేనే గట్టిపడుతుంది. రెండు ప్లాస్టిక్‌ల మధ్య ఆ నీటికి దారే లేదు. డబ్బా అడుగున త్రికోణంలో 2, 4, 5 అంకెలుంటే (ఐస్‌క్రీం డబ్బాలు చాలావరకు 5) మామూలు గమ్ములేవీ వాటి మీద నిలవవు. అలాంటివాటికి బొక్కలు పెట్టి జిప్ టైతోనో సన్నటి తీగతోనో కట్టడమే మంచిది.

బల్ల పైన చెక్క అర ఉంది కాబట్టి దాని కింద మర మూతల ప్లాస్టిక్ జాడీలు వేలాడదీయచ్చు. మూతను అరకు బిగించేస్తే, జాడీ తిప్పితే ఊడి చేతిలోకి వస్తుంది. ఒక్కో మూతకు రెండు స్క్రూలు తప్పనిసరి. ఒక్కటే వేస్తే జాడీతోపాటు మూత కూడా తిరుగుతుంది. అర మందం 18 మి.మీ. ఉంటే స్క్రూ 12 మి.మీ. చాలు, పెద్దదైతే పైకి పొడుచుకొస్తుంది. స్క్రూ తల కింద వాషర్ లేకపోతే ప్లాస్టిక్ మూత పగులుతుంది. డ్రిల్లు పని నాన్నది. జాడీ బరువు అరకిలో దాటనివ్వకండి. గాజు సీసాలు మాత్రం తలమీద వేలాడదీయవద్దు.

సొరుగు లాగినప్పుడల్లా డబ్బాలు వెనక్కి జారుతుంటే అడుగున సైకిలు ట్యూబు పట్టీలు రెండు పరవండి. చీటీలు మూతల మీద అతికించవద్దు, ఒకేరకం డబ్బాల మూతలు రెండోరోజుకే తారుమారు అవుతాయి. డబ్బా ఒంటి మీద, కూర్చుంటే కనిపించేవైపు రాయండి. ‘ఇతరాలు’ అని ఒక్క డబ్బాకే రాయండి, అది నిండితే ఆరోజే ఖాళీ చెయ్యండి.

ఇప్పుడు చెప్పే మూడూ మాత్రం ఖచ్చితంగా పాటించాలి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు కొనలూ ఒకేవైపు ఉంటాయి. పిన్నులు, తీగలు ఉన్న డబ్బాలో పడేస్తే ఒక్క క్లిప్పు రెండిటికీ తగిలి వేడెక్కి నిప్పు రాజుకోవచ్చు. కొనల మీద టేపు వేసి విడిగా పెట్టండి. రెండోది, బొత్తాంలాంటి గుండ్రటి బ్యాటరీలు. పసివాళ్ళు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. గట్టి మర మూత సీసాలో వేసి, పెద్దవాళ్ళకు మాత్రమే అందే అర మీద పెట్టించండి. ఎవరైనా మింగినట్టు అనుమానం వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మూడోది, కిరోసిన్, థిన్నర్, ఫినాయిల్, యాసిడ్ లాంటివి నీళ్ళ సీసాలోగానీ కూల్‌డ్రింకు సీసాలోగానీ ఎన్నడూ పొయ్యవద్దు. దాహంతో వచ్చినవాళ్ళు వాసన చూడకుండానే తాగేస్తారు. పురుగుమందు వచ్చిన డబ్బా అయితే ఎంత కడిగినా దేనికీ వాడకూడదు.

శనివారం దుప్పటి పరిచి, ఏరివేత అయ్యాక వారం ఆగితే, వచ్చే ఆదివారానికి పెట్టెలు కోయడం మొదలుపెట్టచ్చు. ఈలోపు మీ సొరుగు లోపలి కొలతలు మూడూ, దొరికిన అట్టపెట్టె కొలతలు, అట్ట మందం రాసి పంపండి. గాట్లు ఎక్కడెక్కడ పడాలో గీసి, వెంటనే జవాబు రాస్తాను.

మీ
అమ్మమ్మ