ప్లగ్ అడిగినంతే కాయిల్ ఇస్తుంది

స్టార్ట్ చేసి వదిలేస్తే ఇంజిన్ బుద్ధిగానే తిరుగుతుంది. నెమ్మదిగా నడిపినంతసేపు ఏ పేచీ పెట్టదు. నాలుగో గేర్‌లో ముందున్న లారీని దాటేద్దామని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారా, సరిగ్గా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని అదనంగా తోసే పంకా) ఊపందుకునే చోట దడదడమని జర్కులు మొదలవుతాయి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. కాలు తీస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు మామూలుగా నడుస్తుంది.

నా కారుకు ఈ జబ్బు పట్టుకున్నప్పుడు నేనూ చాలామందిలాగే అనుకున్నాను: కాయిల్స్ వీకయ్యాయి, ఇంకా పవర్‌ఫుల్‌వి వేస్తే పోతుంది. నాలుగు కాయిల్స్‌కి ఆర్డర్ కూడా పెట్టేశాను. అవి వచ్చేలోపు అసలు దొంగ వేరే చోట దొరికాడు. ఆ సంగతి చెప్పాలంటే ముందు కాయిల్ చేసే పనేమిటో చూడాలి.

సిలిండర్‌లోని పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ స్పార్క్ ప్లగ్ కొన దగ్గర పుడుతుంది. దానికి కావలసిన వోల్టేజీ ఇచ్చేది ఇగ్నిషన్ కాయిల్. అదొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప కోర్ మీద లావు తీగ వంద, రెండు వందల చుట్లు, వెంట్రుకంత సన్నని తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో బ్యాటరీ కరెంటు మూడు నాలుగు మిల్లీసెకన్లు పారుతుంది. ఈ వ్యవధినే డ్వెల్ అంటారు. ఆ కాసేపట్లో కరెంటు ఏడెనిమిది ఆంపియర్ల దాకా పెరిగి, కోర్ చుట్టూ అయస్కాంత క్షేత్రంగా శక్తి పోగవుతుంది. అప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కరెంటును టక్కున ఆపేస్తుంది. జోరుగా నీళ్లు పారే గొట్టానికి ఒక్కసారిగా కుళాయి కట్టేస్తే గొట్టం ధన్‌మని అదురుతుంది కదా, ఇక్కడా అంతే. కూలిపోతున్న అయస్కాంత క్షేత్రం లావు తీగలో మూడు నాలుగు వందల వోల్టులు పుట్టిస్తుంది. సన్న తీగ చుట్లు దానికి సుమారు వంద రెట్లు కాబట్టి అటువైపు 30,000, 40,000 వోల్టులకు అవకాశం ఉంటుంది. ఈ ఉపాయం కొత్తదేం కాదు. నికొలస్ కాలన్ అనే ఐరిష్ మతగురువు 1836లోనే ఇండక్షన్ కాయిల్ తయారుచేశాడు. చార్లెస్ కెటరింగ్ దాన్ని కారు ఇంజిన్‌కు అమర్చిన పద్ధతి 1910 నాటికి క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది.

‘అవకాశం ఉంటుంది’ అని ఊరికే అనలేదు. డబ్బా మీద 50,000 వోల్టులని రాసున్న కాయిల్ ప్రతిసారీ 50,000 వోల్టులు ఇవ్వదు. కరెంటు ఆగగానే సన్న తీగ కొసన వోల్టేజీ పెరుగుతూ పోతుంది. ప్లగ్ కొన దగ్గర గాలి ఎక్కడ తెగి నిప్పురవ్వ దూకిందో, వోల్టేజీ అక్కడే ఆగి కిందికి జారుతుంది. ప్లగ్‌కు 12,000 చాలితే కాయిల్ 12,000 దగ్గరే ఆగిపోతుంది. ఎంత కావాలో తేల్చేది ప్లగ్. కాయిల్ దగ్గర ఉన్నది నిల్వ మాత్రమే. ఆ నిల్వ కన్నా ప్లగ్ అడిగేది ఎక్కువైన క్షణాన రవ్వ పడదు, ఆ సిలిండర్‌లో పెట్రోల్ అంటుకోదు. మిస్సింగ్ (మిస్‌ఫైర్) అంటే అదే.

మరి ప్లగ్ అడిగేది ఎప్పుడు పెరుగుతుంది? జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లో దీన్ని కొలిచి చూపించాడు. రెండు లోహపు కొనల మధ్య రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ, అక్కడి వాయు పీడనాన్ని ఆ కొనల మధ్య దూరంతో గుణిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. ఇంజిన్‌లో ఉండే పీడనాల దగ్గర ఆ సంఖ్య పెరిగితే వోల్టేజీ కూడా పెరగాల్సిందే. కారణం తేలికే. రవ్వ పుట్టాలంటే ఒక ఎలక్ట్రాన్ పరుగెత్తి, వేగం పుంజుకుని, ఎదురైన అణువును గుద్ది దాన్నుంచి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలి. కిక్కిరిసిన జనంలో పరుగెత్తాలంటే రెండడుగులు వేయకముందే ఎవరో ఒకరికి తగులుతాం. చిక్కటి గాలిలో ఎలక్ట్రాన్ పరిస్థితీ అదే. వేగం అందుకునేలోపే గుద్దుకుంటుంది కాబట్టి వెనకనుంచి ఇంకా గట్టిగా నెట్టాలి. (నిజానికి లెక్కలోకి వచ్చేది గాలి సాంద్రత. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం అన్నా ఒకటే.)

మామూలు వాతావరణ పీడనంలో ఒక మిల్లీమీటరు ఖాళీ దాటడానికి మూడు నాలుగు వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కేసిన క్షణంలో ఆ లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానిపైన టర్బో 1 బార్ బూస్ట్ (వాతావరణ పీడనం పైన దాదాపు మరో అంత ఒత్తిడి) ఇస్తోందంటే, సిలిండర్‌లోకి వచ్చే గాలే ముందుగా దాదాపు రెట్టింపు. రవ్వ పడాల్సిన వేళకు లోపలున్న చిక్కదనమూ దాదాపు రెట్టింపే. బూస్ట్ పెంచే ట్యూన్ వేయించుకున్న మర్నాటి నుంచి మిస్సింగ్ మొదలైందంటే కాయిల్ రాత్రికి రాత్రి పాడైందని కాదు, ప్లగ్ అడిగేది పెరిగిందని. జర్కులు ఫలానా ఆర్‌పీఎం దగ్గరే రావడానికీ కారణం ఇదే. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఎక్కడ గరిష్ఠంగా ఉంటుందో అక్కడే సిలిండర్ బాగా నిండుతుంది, ప్లగ్ ఎక్కువ అడిగేదీ అక్కడే. పై ఆర్‌పీఎంలో కాయిల్‌కు టైం చాలదేమోనని కొందరి అనుమానం. 6,000 ఆర్‌పీఎం దగ్గర కూడా ఒక సిలిండర్‌కు రెండు రవ్వల మధ్య 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి. ప్లగ్‌కొక కాయిల్ ఉన్న ఇంజిన్‌కు అది ధారాళం.

ఇక నా కారు కథ. స్కానర్ పెడితే పీ0303 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడో దాంట్లో మిస్‌ఫైర్. ఇంజిన్ చల్లారాక మూడో కాయిల్ తీసి రెండో దాంట్లో, రెండోది తీసి మూడో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపేసి మళ్లీ అదే రోడ్డు మీద తొక్కాను. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను మించింది లేదని నా అభిప్రాయం. కాయిల్‌తో పాటు కోడ్ కూడా రెండుకు మారితే నేరం కాయిల్‌ది. నాకు మాత్రం మళ్లీ పీ0303 వచ్చింది. తర్వాత ప్లగ్‌లను అలాగే అటూఇటూ మార్చాను. ఈసారి పీ0302.

ఆ ప్లగ్ విప్పి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచటి బ్లేడ్ల కొలబద్ద) పెట్టి చూస్తే కొనల మధ్య గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. మిగతా మూడూ 1.0 దగ్గర ఉన్నాయి. ఆ ఇంజిన్‌కు ఉండాల్సింది 0.7. పెట్టెలోంచి తీసినవి తీసినట్టే, కొలవకుండా బిగించింది నేనే. ఎవరినీ అనడానికి లేదు. గాజులా నున్నగా ఉండే ప్లగ్ తెల్లటి పింగాణీ మీద, పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత కూడా ఉంది. గ్యాప్ దాటలేకపోయిన వోల్టేజీ ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. కాయిల్ కొసన ఉండే రబ్బరు బూట్ లోపలి గోడకూ పింగాణీకీ మధ్య సందులోంచి పాకి, ప్లగ్ లోహపు ఒంటికి చేరిపోతుంది. వెళ్లిన దారిలో బొగ్గు చార వదులుతుంది. బొగ్గు విద్యుత్ వాహకం కాబట్టి మరుసటిసారి ఆ దారి ఇంకా సులువవుతుంది. బూట్ లోపలా చార పడితే కొత్త ప్లగ్ వేసినా పాత బూట్ దాన్నీ పాడుచేస్తుంది. రెండూ మార్చాల్సిందే.

ప్లగ్ గుంటలో ఆయిల్ కనిపిస్తే అది వేరే కథ. పైనున్న వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందని అర్థం. ఆయిల్‌లో నానిన బూట్ ఉబ్బి మెత్తబడుతుంది. గాస్కెట్ సంగతి చూడకుండా కాయిల్స్ మారుస్తూ పోతే డబ్బు దండగ.

చాలామంది చూడని చోటు ఇంకొకటుంది, కాయిల్‌కు వచ్చే వైరింగ్. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండొచ్చు. పాతబడిన కనెక్టర్లు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు దాటి కాయిల్‌కు 12.6 మాత్రమే అందుతోందనుకోండి. పదో వంతేగా అనిపిస్తుంది. డ్వెల్ మారనప్పుడు కరెంటు కూడా అంతే తగ్గుతుంది. కాయిల్‌లో పోగయ్యే శక్తి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు ఐదో వంతు పోయినట్టే. వోల్టేజీ తగ్గితే ఈసీయూ డ్వెల్ పెంచి సర్దుతుంది, నిజమే. కానీ అది చూసేది తన దగ్గరికొచ్చిన వోల్టేజీని. కాయిల్ వైరులో పోయింది దానికి కనిపించదు. మల్టీమీటర్ ఒకటి ఉంటే పది నిమిషాల్లో తేలే విషయం.

అయితే పెద్ద కాయిల్స్ అసలు అక్కర్లేదా? కావలసిన సందర్భాలున్నాయి. కంపెనీ పెట్టిన దానికంటే బూస్ట్ బాగా పెంచి, గ్యాప్ 0.6 దాకా తగ్గించి, కొత్త ప్లగ్‌లు వేసినా మిస్సింగ్ పోకపోతే నిల్వ నిజంగానే చాలడం లేదన్నమాట. గ్యాప్ ఇంకా తగ్గిస్తే రవ్వ మరీ చిన్నదై, మంట మొదట్లోనే చల్లబడి ఆరిపోయే ప్రమాదం ఉంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి టర్బో ఇంజిన్లకు ఆడి ఆర్8 కాయిల్స్ తగిలించే అలవాటు చాలాకాలంగా ఉన్నదే. వేరే కారు కాయిల్ పెట్టేటప్పుడు మాత్రం రెండు సంగతులు చూసుకోవాలి. కొన్ని కాయిల్స్‌లో కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టర్ లోపలే ఉంటుంది, కొన్నిటికి అది ఈసీయూలో ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి పెడితే కాయిల్‌గానీ ఈసీయూగానీ కాలిపోవచ్చు. రెండోది డ్వెల్. కొత్త కాయిల్‌కు 4 మిల్లీసెకన్లు కావలసిన చోట పాత లెక్క ప్రకారం 2.5 ఇస్తే అది సగం నిండకుండానే పని చేస్తుంది, పెట్టిన డబ్బుకు ఫలితం ఉండదు. అవసరానికి మించి ఇస్తే కోర్ సంతృప్తమైపోయి (ఇక అయస్కాంత శక్తిని పెద్దగా పట్టలేక), మిగతా కరెంటంతా వేడిగా మారి కాయిల్ కాలుతుంది.

పెద్ద కాయిల్‌తో హార్స్‌పవర్ పెరుగుతుందనే ప్రకటనలు నేను నమ్మను. మిస్సింగ్ లేని ఇంజిన్‌లో మంట అప్పటికే సరిగ్గా అంటుకుంటోంది. పెద్ద అగ్గిపుల్లతో వెలిగించినంత మాత్రాన పెట్రోల్ ఎక్కువ వేడి ఇవ్వదు. మిస్సింగ్ ఉంటే పోయిన పవర్ తిరిగొస్తుంది, అంతవరకే. లైటు మిణుకుమంటుంటే మాత్రం అలాగే తొక్కుతూ పోవద్దు. సిలిండర్‌లో కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి దాన్ని కరిగించేయగలదు. దాని ముందు కాయిల్ ఖర్చు లెక్కలోకే రాదు.

నా కారుకు చివరికి నాలుగు కొత్త ప్లగ్‌లు, ఒక రబ్బరు బూట్ పట్టాయి. ప్రతి ప్లగ్‌కూ ఫీలర్ గేజ్ పెట్టి, 0.7 మిల్లీమీటర్ల బ్లేడు కొంచెం పట్టి జారేలా సరిచేసి బిగించాను. అదే రోడ్డు, అదే నాలుగో గేర్, పూర్తిగా తొక్కితే ఒక్క కుదుపు లేదు. ఆర్డర్ పెట్టిన కాయిల్స్ ఆ మర్నాడు వచ్చాయి. డబ్బా విప్పకుండానే తిప్పి పంపాను.