ఎంఎస్ మధ్యలో యూనివర్సిటీ మారితే అప్పు తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మొదటి సెమిస్టర్ ముగిసే వేళకు మా బ్యాంకు విద్యా రుణాల విభాగానికి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "సార్, మావాడు ఫీజు తక్కువున్న చోటికి మారతానంటున్నాడు, అప్పు సగానికి సగం తగ్గుతుందట." ఎవరు చెప్పారంటే రూమ్మేటు, కాకపోతే వాట్సాప్ గ్రూపు. ఇల్లు తాకట్టులో ఉన్నవారికి నిద్ర పట్టదని నాకు తెలుసు. నా కోపమంతా లెక్క వేయకుండా సలహా ఇచ్చేవారి మీదే.

అపోహ: క్రెడిట్ ఫీజు తక్కువైతే అప్పు తక్కువైనట్టే.

క్రెడిట్ అంటే కోర్సు బరువును కొలిచే యూనిట్, ఫీజు దాని లెక్కనే కడతారు. చూడాల్సింది క్రెడిట్ ధర కాదు, ఇప్పటి నుంచి పట్టా చేతికొచ్చే దాకా అయ్యే మొత్తం ఖర్చు. ఎంఎస్‌లో చదివిన క్రెడిట్లన్నీ మన వెంట రావు. చాలా యూనివర్సిటీలు 6 నుంచి 9 వరకే ఒప్పుకుంటాయి. బి కంటే తక్కువ గ్రేడు వచ్చిన కోర్సును సాధారణంగా లెక్కలోకే తీసుకోవు.

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన కూతురి మెసేజ్ ప్రింటు తీయించుకుని వచ్చారు. ఆ కాగితం వెనకే లెక్క వేశాం. 30 క్రెడిట్ల కోర్సులో రెండు సెమిస్టర్లకు 18 పూర్తయ్యాయి. మిగిలిన 12కు, ఒక్కొక్కటి 1,200 డాలర్ల చొప్పున, 14,400. కొత్త చోట క్రెడిట్ 600 డాలర్లే, కానీ పాతవి 9 మాత్రమే ఒప్పుకుంటారు. అంటే ఇంకా 21 చదవాలి, 12,600 కట్టాలి. "తగ్గుతోంది కదండీ, 1,800?" అన్నారాయన. సెమిస్టర్‌కు 9 చొప్పున 12 క్రెడిట్లు రెండు సెమిస్టర్లలో అయిపోతాయి, 21కి మూడు కావాలి. ఆ అదనపు సెమిస్టర్‌కు అద్దె, తిండి, బీమా కలిపి 5,000 డాలర్లు. ఆదా మాట అటుంచి, 3,200 ఎదురు పెట్టాలి. ఇక్కడ 30 లక్షల మీద 10 శాతం వడ్డీ, ఆరు నెలలకు లక్షన్నర. ఓపీటీలో, అంటే చదువు అయ్యాక అక్కడే కొంతకాలం పనిచేసే అనుమతి మీద, వచ్చే జీతం కూడా అంత వెనక్కి పోతుంది. అమెరికాలో అర్ధరాత్రి దాటిందని చెబుతున్నా వినకుండా ఆయన నా ముందే కూతురికి ఫోన్ కలిపారు.

అలాగని మారడమే తప్పని కాదు. అదే అమ్మాయి మొదటి సెమిస్టర్ తర్వాత మారి, ఆ 9 క్రెడిట్లూ ఒప్పుకుని ఉంటే ఫీజులోనే 12,600 డాలర్లు మిగిలేవి, కోర్సు కాలం పెరిగేది కాదు. మారేవారు అప్పుడే మారాలి. రెండో సెమిస్టర్ దాటినవారికి ఉన్నచోటే పూర్తి చేయమనే చెబుతాను. ఎప్పుడు మారినా, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారో కొత్త యూనివర్సిటీ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. సీనియర్ మాట సరిపోదు.

అపోహ: మారటోరియంలో (వాయిదాలు కట్టనక్కర్లేని చదువు గడువులో) వడ్డీ పడదు.

మొదటి విడత విడుదలైన రోజు నుంచే పడుతుంది. కట్టకపోతే ఆఖరున అసలులో కలుస్తుంది.

అపోహ: మారితే బ్యాంకు రుణం రద్దు చేస్తుంది.

చెప్పి మారితే సాధారణంగా మంజూరును సవరిస్తారు. మంజూరు ఇచ్చింది ఫలానా యూనివర్సిటీకి, ఫలానా ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చూసి. కాబట్టి కొత్త ఐ-20, ఫీజు వివరాలు ముందే ఇవ్వాలి. మారిపోయాక చెబితే తర్వాతి విడత ఆగుతుంది.

అపోహ: వీసా పోతుంది.

సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు పద్ధతి ప్రకారం బదిలీ అయితే పోదు. ముందు అడ్మిషన్, ఆ తర్వాతే పాత యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ)తో రికార్డు విడుదల. విడుదలయ్యాక 5 నెలల్లోపు కొత్త చోట తరగతులు మొదలుకావాలి.

చివరగా, "ఫీజు తక్కువ, తరగతులు అక్కర్లేదు, చేరిన రోజు నుంచే సీపీటీ మీద (చదువుతుండగానే పనిచేసే అనుమతి) పని చేసుకోవచ్చు" అనే బేరం. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ వ్యవహారం గుర్తుందా? తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు యూనివర్సిటీ అది. మన తెలుగు పిల్లలు ఎందరో అందులో చిక్కుకున్నారు. అలాంటి వాసన వచ్చే ఐ-20 పట్టుకొస్తే సవరణ కాగితం మీద నేను సంతకం పెట్టను, ఎవరితో సిఫారసు చేయించినా సరే.